గేటు దాటని పెళ్ళికారు

పొద్దున్నే బయలుదేరి ఏటి అవతలున్న పెళ్ళికూతురి ఇంటికి చేరాలన్నది ఆ రోజు ఏర్పాటు. ఖాజీగారికి అదే పూట మరో నిఖా ఉంది. ఆలస్యమైతే ఆగనని ముందే చెప్పేశారు. పెళ్ళికొడుకు ఖుశైరి కారు తనే నడుపుతూ వచ్చి, ఫొటో కోసం సరిగ్గా గేటు మధ్యలో ఆపాడు. అతని బావ సహారుద్దీన్ కారు వెనకంతా రంగు బల్బులు కట్టి, కరెంటు బ్రేకు లైటు తీగలోంచి లాగాడు. మరాంగ్ ఊళ్ళో ఇంతవరకూ ఎవరి పెళ్ళికారూ అలా వెలగలేదని అతని నమ్మకం.

"వెలిగించు బావా!" అన్నాడు ఖుశైరి.

సహారుద్దీన్ మీట నొక్కాడు. టప్పుమంది. కాలిన వాసన గుప్పుమంది.

"ఏం కాలేదు, పదండి పదండి," అన్నాడు, మీట మీంచి చటుక్కున చెయ్యి తీసేస్తూ.

ఖుశైరి బ్రేకు తొక్కి గేరు లాగాడు. పార్కింగులో ఉన్న గేరు ఇసుమంత కూడా జరగలేదు. తోద్దామంటే చక్రాలు తిరగవు. తక్కిన కార్లన్నీ దాని వెనకే, ఆవరణలో చిక్కుకుపోయాయి.

"గేర్‌బాక్సు పోయింది," అని తేల్చేశాడు ఖుశైరి మామయ్య జలీల్. తేల్చి ఊరుకోకుండా పెళ్ళికూతురి తండ్రి మత్ నూర్‌కి ఫోను కొట్టాడు. డప్పుల మోతలో అరిచాడు: "కదలడం లేదండీ! గేటు దగ్గరే ఆగిపోవడం జరిగింది! ఎంత తొక్కినా లాభం లేదు!"

"తొక్కుతున్నారా?" అంది అవతలి గొంతు, వణుకుతూ.

"అందరం వంతులవారీగా తొక్కాం!"

ఫోను ఠక్కున ఆగిపోయింది.

సహారుద్దీన్ చెమటలు కక్కుతూ స్టీరింగు కింద దూరాడు. తప్పు తనదేనని అతనికి తెలుసు. ఎక్కడన్నదే తెలియదు. కారు వెనక కానుకల పళ్ళెం పట్టుకుని నిలబడ్డ అతని భార్య రొస్నీతాకి ఓపిక నశించింది.

"తొక్కుతున్నాం తొక్కుతున్నాం అంటారేంటి? ఇక్కడ ఎర్రలైటే వెలగట్లేదు!"

సహారుద్దీన్ తల ఠంగున స్టీరింగుకి తగిలింది. బ్రేకు తొక్కిన సంగతి కారుకి తెలిస్తేనే గేరు తాళం వదులుతుంది. లైటే వెలగకపోతే తెలిసేదెలా? బ్రేకు ఫ్యూజు తీసి చూశాడు. మాడిపోయింది. హారన్ ఫ్యూజు పీకి అందులో పెట్టాడు. టప్. అదీ పోయింది.

"ఇంకేం మిగిల్చావు బావా?" అన్నాడు ఖుశైరి, ఏడుపుగొంతుతో.

"వైపర్లు. వాన రాకుండా దండం పెట్టుకో."

"ముందు ఆ బల్బుల తీగ పీకి పారెయ్యవయ్యా మగడా!" అంది రొస్నీతా.

అతను తీగ పీకేసి, వైపర్ ఫ్యూజు పెట్టాడు. వెనక ఎర్రలైటు వెలిగింది. గేరు వెన్నలా జారింది. ఊరేగింపంతా ఒక్కసారి కదిలింది.

వంతెన ఎక్కగానే ఎదురుగా ఇంకో ఊరేగింపు. ముందు కారులోంచి మత్ నూర్ దూకాడు. వెనక ఖాజీగారు, ఆ వెనక ముసుగు సర్దుకుంటూ పెళ్ళికూతురు. మత్ నూర్ అల్లుడి చేతులు తిప్పి చూశాడు, వీపు తడిమాడు.

"ఎక్కడెక్కడ తన్నారు నాయనా? నా బిడ్డంటే ఇష్టం లేకపోతే నాతో చెప్పాల్సింది. ఇంతమంది కలిసి తొక్కడమేంటి?"

"తొక్కింది బ్రేకునండీ!" అన్నాడు ఖుశైరి.

మత్ నూర్ జలీల్ వైపు చూశాడు. జలీల్ ఏటి వైపు చూశాడు.

ఖాజీగారు గడియారం చూసుకున్నారు. "ఇరువైపులవాళ్ళూ ఇక్కడే ఉన్నారు. ఆ చివర మసీదుంది. మళ్ళీ ఎవరైనా ఆగిపోకముందే రండి."

నిఖా అక్కడే జరిగింది. ఇష్టపూర్వకంగానే వచ్చావా అని ఖాజీగారు అడిగితే ఖుశైరి మసీదు అదిరేలా అవునన్నాడు. మత్ నూర్ ఖాజీగారి చెవిలో, మరోసారి అడగమన్నాడు.