రాజుగారి చెవిలో ఈతగాళ్ళు

ఒక పెద్ద అడవిలో, అడవి ఎంత పెద్దదో రాజుగారి చెవుడు కూడా అంత పెద్దదిగా ఉండేది. సింహం రెండు చెవుల్లోనూ గులిమి బంకలా పేరుకుపోయింది. పుల్ల పెట్టి తీద్దామంటే ఎవరికీ ధైర్యం చాలదు. సింహం చెవిలో పుల్ల పెట్టినవాడు ఆ పుల్లతో ఇంటికి తిరిగొచ్చిన దాఖలా లేదు.

నిజానికి ఆ చెవుడు వల్ల సభకు మహా సుఖంగా ఉండేది. వంగి దండం పెడుతూ నోటికి ఏదొస్తే అది అనొచ్చు. "మహాప్రభో" అన్నా, "ముసలి పీనుగా" అన్నా రాజు ఒకేలా తలాడించేవాడు. కొన్నేళ్ళకు అందరికీ రెండోదే అలవాటైపోయింది.

ఒకరోజు వేటలో వెనకనుంచి లేళ్ళ మంద దాటిపోయినా రాజుకు వినపడలేదు. పస్తున్న రాజు కొలనులో ఈత నేర్పే బడి పెద్ద తరంగిణిని పిలిపించాడు. తరంగిణి నీటికుక్క, చదువుకున్నది, కాస్త నోటి దురుసు.

"తొలకరి లోపల నా చెవులు తెరుచుకోవాలి. లేదా కొలను ఖాళీ చెయ్యి."

ఆ కొలను గట్టు బొరియలో ఆమె పిల్లలున్నాయి, ఇంకా కళ్ళయినా తెరవలేదు.

తరంగిణి ఉపాయం ఆలోచించింది. చెవినిండా నూనె పోసి, అందులో ఈదుకుంటూ వెళ్ళి గులిమిని తొలిచే బుల్లి ఈతగాళ్ళను చెయ్యాలి. పుప్పొడి రేణువుకు ఇనుపరజను పూసి, సాలెపోగు తోకగా అతికించింది. బయట సూదంటురాయిని ఆడిస్తే లోపల తోక ఆడుతుంది.

అడవి కదా, వెంటనే సంఘం ఏర్పడింది. సంఘానికి పెద్ద నక్క పరాంకుశం.

"ఈతంటే చేప. చేపంటే తోక ఊపడం. పైగా తోక ఊపడం మన సభ సంప్రదాయం కూడానూ," అన్నాడు.

నత్తగుల్లలో నూనె పోసి, ఈతగాణ్ణి వదిలి, మంచుబొట్టును భూతద్దంలా పట్టి చూశారు. తోక ఇటు ఊగితే ఈతగాడు వెంట్రుకవాసి ముందుకు, అటు ఊగితే అంతే వెనక్కి.

"కదులుతోందా లేదా?" అన్నాడు పరాంకుశం.

"కదులుతోంది గానీ బావగారూ, ఎక్కడికీ పోవడం లేదు," అంది తరంగిణి.

"కదులుతోందిగా! అది చాలు."

గోదావరిలో పడవవాడు తెడ్డు ఎత్తి చుట్ట వెలిగించుకున్నా పడవ ఆ ఊపుకు కాస్త దూరం పోతుంది. చుట్ట మాట అలా ఉంచితే, పుప్పొడంత వాడికి ఊపన్నదే లేదు. వాడికి మామూలు నీళ్ళే ముదురుపాకం. కదలడం ఆపాడా, అక్కడే ఆగాడు. వేసిన అడుగునే వెనక్కి వేస్తూ కూర్చుంటే ఏ ఊరు చేరతాడు?

తరంగిణి దిగులుగా కొలనుకు వచ్చి, మంచుబొట్టును ఆ నీటికి దగ్గరగా పట్టి చూసింది. అందులో కంటికానని జీవులు హాయిగా ఈదుతున్నాయి. ఒక్కటీ తోక ఊపడం లేదు! మెలికల తోకను గిరగిరా తిప్పుతూ, వడ్రంగి బరమా చెక్కలోకి దిగినట్టు దూసుకుపోతున్నాయి.

మర్నాడు సాలెపోగును కాకరతీగ నులిలా చుట్టి తెచ్చింది. పరాంకుశం మొహం చిట్లించాడు.

"మెలికల తోకా? అది పంది తోకమ్మా! రాజుగారి చెవిలోకి పంది తోకా?"

చివరికి పంచుకున్నారు. ఎడమ చెవి సంఘానిది, కుడి చెవి తరంగిణిది.

ముహూర్తం నాటికి మబ్బులు కమ్ముకున్నాయి. ఎడమవైపు పరాంకుశం సూదంటురాయిని అటూ ఇటూ ఊపుతున్నాడు. లోపల చక్కిలిగింతలు పుట్టి రాజు కళ్ళు అరమోడ్చాడు. కుడివైపు ముసలి కప్ప రాయిని గుండ్రంగా తిప్పుతుంటే, తరంగిణి చెవి అంచున మంచుబొట్టు పట్టుకుని చూస్తోంది.

"తిప్పు మామా, ఇంకాస్త!"

"చెయ్యి పడిపోతోందే అమ్మాయ్!"

"పడిపోనీ, తిప్పు! ఛీ, ఈ ముసలి పీనుగ చెవి కన్నా మురుగ్గుంట నయం!"

ఆ మాట సగంలో ఉండగానే గులిమి ఊడింది.

సింహం కళ్ళు తెరిచింది. వెనక ఎలుగుబంటి ఎవరితోనో, "చెవిటి దున్న నిద్రపోయినట్టుంది, పోదాం పద," అంటోంది. సింహం మెల్లగా అటు తిరిగింది.

పరాంకుశానికి ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. దండం పెట్టి, ఎప్పట్లా ఏదో అంటున్నట్టు పెదవులు మాత్రం కదిపాడు. చప్పుడు లేదు.

ఇన్నేళ్ళుగా ఈ దండాలన్నిటి వెనకా ఏముందో సింహానికి మెల్లగా తెలిసొచ్చింది. అయినా అందరినీ చంపితే రేపు దండం పెట్టేదెవరు?

"కుడి చెవి పాడైంది," అంది చివరికి. "ఎడమ చెవి మాత్రం బ్రహ్మాండంగా ఉంది. పరాంకుశం, నీ ఈతగాళ్ళనే కుడి దాంట్లోనూ నింపు. అవైతే ఎక్కడికీ పోవు."

"నా కొలను, ప్రభూ? చెవి తెరిచాను కదా!" అంది తరంగిణి.

"విన్నాను," అంది సింహం. "తెరుచుకున్నాక మొదట విన్నది నీ మాటే."

తొలకరి చినుకుల్లో తరంగిణి పిల్లల్ని నోట కరుచుకుని ఒక్కొక్కటిగా అడవి దాటించింది. కొలను గట్టున పరాంకుశం కొత్త కాపురం పెట్టాడు. ఈత రాదు గానీ, తోక మాత్రం బాగా ఊపుతాడు.

నీతి: తోకను ఉన్నచోటే ఊపేవాడికి కొలను దక్కుతుంది, దారి తొలిచినవాడికి ఆ దారే దక్కుతుంది.