ఏడు పెళ్ళిళ్ళ కోటు

బుధవారం పొద్దున సారా వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఏడు ఫొటోలు సంవత్సరాల వారీగా పేర్చుకోవాలి, ఎనిమిదింటి బస్సుకు ఆత్మకూరు వెళ్ళి ఫ్లెక్సు షాపులో ఇవ్వాలి, మధ్యాహ్నానికి ఇంటికి రావాలి. ఉదయగిరి దగ్గరి హైస్కూల్లో ఆమె సోషల్ టీచరు. శుక్రవారం స్కూల్లో "మన బట్టలు: తాతల నాటి నుంచి నేటి దాకా" అని ప్రదర్శన పెట్టింది. మర్నాడు సాయంత్రం ఇంట్లో అత్తామామల యాభై ఏళ్ళ పెళ్ళికి దేవుడికి కృతజ్ఞతగా స్తోత్ర కూడిక. నూట ఇరవై మందిని పిలిచారు, బిరియానీకి మనిషిని మాట్లాడారు. వీటిలో ఏదీ చెడిపోయే వీలు లేదని సారా నమ్మకం.

వరండాలో చాప మీద ఫొటోలు పరిచింది. అన్నీ పల్లెలోని పెద్దల పెళ్ళి ఫొటోలే, ఇల్లిల్లూ తిరిగి అడిగి తెచ్చినవి. 1969లో సుబ్బన్నది మొదటిది, 1988లో పక్కింటి డేవిడ్‌రాజుది చివరిది. 1975 నాటి మామ చెంచయ్య ఫొటో వరసలో నాలుగోది. పెళ్ళికూతుళ్ళ జాకెట్ చేతులు మోచేతి నుంచి ఏటేటా పైకి పాకి, చివరికి భుజాల మీద బుట్టల్లా ఉబ్బాయి. మగవాళ్ళలో సుబ్బన్నది పంచె, తర్వాతివాడిది గొట్టం ప్యాంటు, మామది బెల్‌బాటం, డేవిడ్‌రాజుది బ్యాగీ. సారాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకేం కావాలి, ప్రదర్శన సగం అయిపోయినట్టే.

అప్పుడు చూపు మగవాళ్ళ నడుము దాటి పైకి వెళ్ళింది, వెళ్ళి అక్కడే ఆగిపోయింది. కింద ఇంత చరిత్ర నడుస్తుంటే పైన మాత్రం ఏమీ నడవలేదు. ఏడుగురి ఒంటి మీదా ఒకటే నల్ల కోటు. ఎడమ జేబు మీద మూడుమూలల అతుకు. మూడు గుండీల్లో నడిమిది తెల్లది. సుబ్బన్నకు చేతులు వేళ్ళ దాకా వచ్చాయి, డేవిడ్‌రాజుకు మోచేతి కింద ఆగాయి. అంతే తేడా.

ఈ కోటు కథ ఆ ఇంట్లో ఎవరికి తెలియదు? పెళ్ళికి ముందు చెంచయ్య మద్రాసు పోయి, రెండుసార్లు కొలతలిచ్చి, తన కోసమే కుట్టించుకున్న కోటు అది. తర్వాత పెళ్ళయిన వాళ్ళంతా బతిమాలితే జాలిపడి ఇచ్చాడు, ఆఖరికి చెదలు తినేశాయి. ఇది ఆయన యాభై ఏళ్ళుగా చెబుతున్న మాట. మరి ఆయనకంటే ముందు పెళ్ళి చేసుకున్న ముగ్గురికీ ఈ కోటు ఎక్కడిది?

ఫొటోలు గబగబా ఎత్తేద్దామనుకునేసరికి అత్త వరదమ్మ కాఫీ గ్లాసుతో వచ్చి నిలబడింది. పూల నైటీ, దాని మీద తువ్వాలు.

"సుబ్బన్నకు మా ఆయన కోటు ఎట్లా వచ్చిందే?"

"మామ ఇచ్చుంటాడులే అత్తా."

"ఎప్పుడు ఇచ్చినాడు? కింద అరవై తొమ్మిది అని రాసుండాదే. మాది డెబ్బై అయిదు గదా."

వరదమ్మ గ్లాసు కింద పెట్టి, ఒక్కొక్క ఫొటో మీదా వేలు పెట్టుకుంటూ వెళ్ళింది. వేలు నాలుగో ఫొటో దగ్గర ఆగింది. అదే సమయానికి చెంచయ్య వేపపుల్ల నములుతూ పెరట్లోంచి వచ్చాడు.

"ఏంది, అందరూ అట్ల చూస్తా ఉండారు?"

"కోటు ఎక్కడ కుట్టించినావు?"

ఆయన కుడి చెవి ముందుకు పెట్టాడు. ఎడమ చెవి మందం. పెళ్ళయిన మరుసటి ఏడు, వరదమ్మ పుట్టింటి చేతి గడియారం బావిలో పడిపోయిందంటే రెండు రోజులు మునిగి వెతికాడు. గడియారం దొరకలేదు, చెవి మాత్రం పోయింది. పల్లెలో ఆయనకున్న గౌరవంలో సగం ఆ చెవిదే.

"మద్రాసులో" అన్నాడు. ఫొటోలు చూసి, "అది వేరే కోటు మే. ఒకటే టైలరు" అని కలిపాడు.

"అతుకు కూడా ఒకటే టైలరా?"

అంతలో గోడ అవతల నుంచి డేవిడ్‌రాజు తల పైకి లేచింది. "అన్నా, పెళ్ళిళ్ళకు ఎరువిచ్చే చర్చి పెట్టెలో కోటు సంగతి బయటపడిందా ఏంది?" అన్నాడు పాపం, మంచి మనసుతో. డేవిడ్‌రాజు వెనకాలే ఆయన భార్య దేవకమ్మ ఉంది. ఆమెకు చెప్పిన కోటు మద్రాసుది కూడా కాదు, సింగపూరుది.

తొమ్మిదింటికల్లా ఏడిళ్ళలోనూ పొయ్యిలు ఆరిపోయాయి. బతికున్న భర్తలు చర్చి అరుగు మీదకు చేరారు. చనిపోయిన ఇద్దరికి ఆ వీలు లేదు కాబట్టి వాళ్ళ ఫొటోల మీది దండలు తీసేశారు.

"శనివారం కూడికలో నేను ఆయన పక్కన కూచోను" అంది వరదమ్మ. "అబద్ధం కోటు చూసి యాభై ఏళ్ళు మురిసిపోయినాను. పిలిచిన వాళ్ళకు నువ్వే ఫోన్లు చేసి చెప్పు."

సారా లెక్కేసుకుంది. నూట ఇరవై ఫోన్లు. "ఈ ఫొటోలు వద్దులే అత్తా, వేరేవి పెట్టుకుంటాను" అంది ఫొటోలు దగ్గరకు లాక్కుంటూ.

"వద్దా? ఇవే పెట్టాల. పట్టినంత పెద్దగా కొట్టించాల. నేనూ దేవకమ్మా కూడా వస్తాం. మోసుకొచ్చేదానికి ఆయన వస్తాడు."

ఎనిమిదింటి బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. పదిన్నర బస్సులో ఆడవాళ్ళు ముగ్గురూ ముందు కూర్చున్నారు. చెంచయ్య చివరి సీట్లో, పనికొచ్చే చెవిని కిటికీ వైపు పెట్టుకొని కూర్చున్నాడు. ఆత్మకూరు దాకా ఎవరూ ఆయనతో మాట్లాడలేదు. దిగేటప్పుడు మాత్రం, "ఆ బావి సంగతి అయినా గుర్తు పెట్టుకో మే" అన్నాడు మెల్లగా.

"అది వేరే" అంది వరదమ్మ, కొంచెం తొందరగా.

ఫ్లెక్సు షాపు గణేష్ ఫొటోలన్నీ స్కాన్ చేసి కంప్యూటర్లో వరసగా పెట్టాడు. "ఎంత సైజు అవ్వా?"

"పదడుగులు. అతుకు కనపడాల."

గణేష్ పెద్దది చేశాడు. అతుకు కనపడింది. "ఇంకా" అంది దేవకమ్మ. ఇంకా పెద్దది చేశాడు. జేబు తెరంతా నిండింది, దాని పక్కనే పెళ్ళికూతురి ఎడమ చెయ్యి. గణేష్ ముందుకు వంగాడు.

"ఈ అమ్మలందరి వాచీలు ఒకటే మాదిరి ఉండాయే."

గణేష్‌కు పని మీద శ్రద్ధ ఎక్కువ. ఏడు చేతులూ ఒకదాని పక్కన ఒకటి పెట్టాడు. చిన్న గుండ్రటి వాచీ, తెగితే ముడి వేసిన పట్టీ.

"టైము కూడా ఒకటే మేడం. నాలుగూ ఇరవై. పంతొమ్మిదేళ్ళు."

సారా అత్త వైపు తిరిగింది. వరదమ్మ, దేవకమ్మ ఒకరి ముఖం ఒకరు చూడకుండా ఉండటానికి శతవిధాల ప్రయత్నిస్తున్నారు.

"పదడుగులు ఎందుకులే నాయనా" అంది వరదమ్మ. "పాస్‌పోర్టు సైజు చాలు."

అంతవరకూ మూలన స్టూలు మీద ఉన్న చెంచయ్య లేచి కంప్యూటర్ దగ్గరకు వచ్చాడు. తెర మీద ఏడో చేతిని చాలాసేపు చూశాడు. ఆయన ముఖంలో కోపం లేదు, నమ్మలేకపోవడం ఒక్కటే ఉంది.

"డెబ్బై ఆరులో బావిలో పడిన వాచీ, ఎనభై ఎనిమిదిలో దేవకమ్మ చేతికి ఎట్లా ఎక్కింది మే?"

వరదమ్మ కొంగు కొస చుట్టింది, విప్పింది. "పెళ్ళి రోజు పొద్దున పాస్టరమ్మ పెట్టె తీసి కట్టింది. మొగుడితో పుట్టింటిదని చెప్పమనింది. మూడోరోజు తిరిగి ఇచ్చేసినాను. ఏడాది తిరిగినాక దాన్ని కట్టుకొని కూడికకు రమ్మని నువ్వే పట్టుబట్టినావు. ఏం చెప్పేది? బావిలో పడిందని చెప్పినాను. మునుగుతావని నాకేం తెలుసు."

"రెండు రోజులు మునిగినాను గదా. చెప్పొచ్చు గదా."

"గట్టు మీద నిలబడి రెండు రోజులూ ఏడ్చినాను. నీ కోటు లాంటి కోటు ఎవరికీ లేదు, నా వాచీ ఎరువుదని ఎట్లా చెప్పేది?"

ఒకే పెట్టెలోంచి ఆయనకు కోటు, ఆమెకు వాచీ వచ్చాయి. ఒకరి ముందు ఒకరు తక్కువ కాకూడదని యాభై ఏళ్ళు కాపాడుకున్నారు. ఫ్లెక్సు పదడుగులే కొట్టించమని చెప్పింది మాత్రం చెంచయ్యే. తిరుగు బస్సులో ఇద్దరూ ఒకే సీట్లో కూర్చున్నారు. వరదమ్మ కుడి చెవి వైపు కూర్చుంది.

శనివారం ఫొటోకు ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, కొడుకు సురేంద్రబాబు టైమెంతయిందని ఊరికే అడిగాడు. వాచీ లేని చెయ్యి ఎత్తి చూసుకొని, నాలుగూ ఇరవై అన్నాడు చెంచయ్య.