రేడియేటర్ ద్రావకం

1986 జులైలో ఒక శనివారం ఉదయం భాస్కర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మామగారు రాజగోపాల్ గారు వాకింగ్‌కి వెళ్ళి వచ్చే గంటలో, గరాజ్‌లో బకెట్‌లో రెండు వారాలుగా పులుస్తున్న బీరును సీసాలకెత్తి అట్టపెట్టెల్లో దాచెయ్యాలి. టెక్సస్‌లో, అందులోనూ కాపెల్ లాంటి చిన్న ఊళ్ళో, ఇంట్లో బీరు కాచుకుంటే అడిగే నాథుడు లేడు. కానీ రాజగోపాల్ గారు అనకాపల్లిలో ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన మనిషి. ముప్పై ఏళ్ళు తోటల్లో దూరి నాటుసారా కుండలు పగలగొట్టారు. మందు ముట్టనని దేవుడి పటం ముందు భాస్కర్ ప్రమాణం చేశాకే పిల్లనిచ్చారు. బకెట్ సంగతి బయటపడితే అల్లుడి పరువు గంగలో కలిసినట్టే.

అందుకే బకెట్ మీద "రేడియేటర్ ద్రావకం" అని రాసి, "ముట్టుకోకండి మావయ్యగారూ, చర్మం ఊడిపోతుంది" అని చెప్పాడు. ఆయన బుద్ధిగా తలూపారు.

బీరు తయారీ పుస్తకం ప్రకారం, సీసాల్లో పోసేముందు బకెట్ మొత్తానికి ముప్పావు కప్పు పంచదార పాకం కలపాలి. బీరులో మిగిలిన ఈస్ట్ ఆ పంచదార తిని గ్యాసు పుట్టిస్తుంది. తక్కువైతే బీరు చప్పగా ఉంటుంది, ఎక్కువైతే సీసా పేలుతుంది. భాస్కర్ ఇంజనీరు కనుక కొలిచి మరీ కలిపి, సీసాలు కడగడానికి బాత్‌టబ్ దగ్గరికి వెళ్ళాడు.

అంతలో భార్య వసుమతి గరాజ్‌లోకి వచ్చి, తెరిచి ఉన్న పుస్తకం చూసింది. తను గుర్తుచెయ్యకుండా భర్త చేసిన పని ఆరేళ్ళ కాపురంలో ఒక్కటీ లేదు. మర్చిపోయే ఉంటాడని తేల్చుకుని, తనూ ముప్పావు కప్పు పాకం కాచి పోసింది. ఎలాగూ చేస్తున్న పాపం సరిగ్గా చెయ్యాలని ఆవిడ పట్టుదల. టోపీ మర్చిపోయానంటూ రాజగోపాల్ గారు మధ్యలో ఒకసారి వచ్చి వెళ్ళారు కానీ, ఆయన్ని ఎవరూ పట్టించుకోలేదు.

సీసాలన్నీ నిండి పెట్టెల్లోకి చేరాక, మధ్యాహ్నం వసుమతి డబ్బా తీసి భాస్కర్‌ని అడిగింది. "నాన్న తెచ్చిన బెల్లం సగం ఏమైందండీ?"

"చీమలు తినుంటాయి."

"అంత గడ్డా?"

"టెక్సస్ చీమలే మరి!"

మరుసటి శనివారం ఎండకి గరాజ్ కుంపటిలా ఉంది. ముగ్గురూ భోజనానికి కూర్చుని పప్పు కలుపుకుంటుండగా "ఢాం" అని మోగింది.

"ఏమిటది అల్లుడుగారూ?"

"పక్కింటి పిల్లలు, మావయ్యగారూ. జులై నాలుగు పండక్కి కొని మిగిలిన టపాకాయలు."

ఢాం, ఢాం, ఢఢాం!

"చాలానే మిగిలాయే," అన్నారు రాజగోపాల్ గారు. ఆయన మొహం పాలిపోయింది.

పక్కింటావిడ తుపాకీ కాల్పులనుకుని పోలీసులకి ఫోన్ చేసింది. పది నిమిషాల్లో ఆరడుగుల ఆఫీసరు గుమ్మంలో నిలబడి, ఇంట్లో ఎవరు కాలుస్తున్నారని అడిగాడు. "అది, రేడియేటర్..." అని భాస్కర్ మొదలుపెట్టేలోపే, గరాజ్ తలుపు కిందనుంచి నురగ పారుకుంటూ వచ్చి ఆఫీసరు బూటును తాకింది.

రాజగోపాల్ గారు ఇలాంటి దాడులు వందలు చూశారు, కానీ ఎప్పుడూ బూటు పక్షానే. ఇప్పుడు చేతులు రెండూ పైకెత్తి, ఎవరూ అడక్కుండానే ఇంగ్లీషులో మొత్తుకున్నారు.

"సార్! బెల్లం ఒక్కటే నాది! బకెట్ అల్లుడిది!"

"మీరూ వేశారా?" అంది వసుమతి తండ్రితో.

"నువ్వూ వేశావా?" అన్నాడు భాస్కర్.

"ఏం చెయ్యను? రుచి చూస్తే చప్పగా ఏడ్చింది," అన్నారు రాజగోపాల్ గారు చేతులు దించకుండానే. "నా సర్వీసులో ఇంత నాసిరకం సరుకు పట్టుకోలేదు. నలుగురికీ పోస్తే అల్లుడి పరువు పోతుందని దంచి వేశాను."

"రుచి చూశారా నాన్నా? మీరా?"

"చూడకపోతే కేసు ఎలా నిలబడుతుందమ్మా? ముప్పై ఏళ్ళూ చూశాను."

ఇంట్లో తాగడానికి బీరు కాచుకోవడం నేరం కాదనీ, బాంబులు మాత్రం చెయ్యొద్దనీ చెప్పి, ఆఫీసరు నవ్వాపుకుంటూ వెళ్ళిపోయాడు. వసుమతి మామకొక చీపురు, అల్లుడికొక చీపురు ఇచ్చింది. "ప్రమాణాల సంగతి తర్వాత. ముందు గరాజ్ కడగండి, ఇద్దరూ!"

కడగ్గా కడగ్గా పగలని సీసా ఒక్కటి దొరికింది. రాజగోపాల్ గారికి పోయిన హోదా తిరిగొచ్చింది. కాగితం తెప్పించి పంచనామా రాసి, అల్లుడిచేత సాక్షి సంతకం పెట్టించి, "ఇది సాక్ష్యం, ఎవరూ ముట్టుకోకూడదు" అంటూ సీసాను ఫ్రిజ్‌లో భద్రపరిచారు.

మర్నాడు పొద్దున వసుమతి లేచేసరికి సాక్ష్యం, దాని పక్కన రెండు గ్లాసులు, శుభ్రంగా కడిగి సింకు పక్కన బోర్లించి ఉన్నాయి.