దామోదర్ మందు మానిన వైనం

2009 వసంతంలో, కాలిఫోర్నియాలోని శాన్ రామన్ తెలుగువారందరికీ ఏకగ్రీవంగా తెలిసిన విషయం ఒకటుంది: దామోదర్ తాగుతాడు. తెలియనివాడు దామోదర్ ఒక్కడే.

దామోదర్ చిప్ డిజైన్ ఇంజనీరు. పార్టీల్లో యాపిల్ జ్యూస్ ఇచ్చినా వాసన చూసి గానీ నోట పెట్టని మనిషి. ఆరోగ్యమంటే మహా భక్తి. ఊరి బయట గొర్రెలు మేసే కొండ కింద, వాగులో వాటర్‌క్రెస్ అనే ఆకు ఊరికే పెరుగుతుంది. లివర్ శుభ్రపడుతుందని ఎక్కడో చదివి, దాన్ని కోసుకొచ్చి ఆరు నెలలు పచ్చిగా నమిలాడు. ఆ ఆకుతోపాటు, గొర్రెల లివర్‌లో కాపురముండే పురుగు అతని లివర్‌లో గృహప్రవేశం చేసింది. జ్వరం, కుడి డొక్కలో నొప్పి, ఆపైన కళ్లు పచ్చబడటం. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇలాంటి కేసు చూడలేదని డాక్టరు మురిసిపోయి, విద్యార్థులందరినీ పిలిచి దర్శనం చేయించాడు.

లివర్ జబ్బుకు మనవాళ్లు గుర్తించిన కారణం ఒక్కటే. దామోదర్ ఇంటింటికీ పురుగు సంగతి వివరించాడు. దాని గుడ్ల ఫోటో సైతం చూపించాడు. భోజనాల ముందు చూపించడం వల్ల ఆదరణ లభించలేదు.

తెలుగు సంఘం అధ్యక్షుడు విశ్వనాథం రిటైరైన డాక్టరు. "గొర్రెల జబ్బు శాకాహారికి ఎలా వస్తుందయ్యా? నలభై ఏళ్ల ప్రాక్టీసులో వినలేదు" అన్నాడు. ఆ ప్రాక్టీసు పళ్లది.

"నిజమండీ. మందు వేసుకున్నాకే తగ్గింది. రెండే డోసులు."

విశ్వనాథం జాలిగా భుజం తట్టాడు. "అందరూ రెండే అంటారు."

తర్వాతి వారం, పిల్లల్ని డాన్స్ క్లాసుకు దింపే వంతుల్లోంచి దామోదర్ పేరును పక్కింటి మృదుల మర్యాదగా తొలగించింది. ఎనిమిదేళ్ల అనన్య ఇంటికొచ్చి, "డాడీ, నువ్వు ఇప్పుడు డ్రంక్ ఆ?" అని మామూలుగా అడిగింది. దామోదర్ ఆ రాత్రి ఇంట్లో మొరపెట్టుకున్నాడు.

భార్య శాంతి ఆలోచించి చెప్పింది. "వాళ్లు నమ్మేదే చెప్పేయండి. పురుగు ఏమీ అనుకోదులెండి."

ఉగాది సభలో దామోదర్ మైకు పట్టుకుని, జన్మలో ముట్టనిదాన్ని తాగానని, ఇక మానేశానని చెప్పాడు. హాలంతా లేచి నిలబడింది. విశ్వనాథం శాలువా కప్పి, "నిజం ఒప్పుకున్న ఈ ధీరుడు ప్రవాసాంధ్రులకు దీపస్తంభం" అని ప్రకటించాడు. మృదుల కళ్లు తుడుచుకుంది. అనన్య అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. అబద్ధం ఇంత హాయిగా ఉంటుందని దామోదర్‌కు అంతవరకూ తెలియదు.

ఒక సభ్యుడు మద్యం మానిన శుభసందర్భాన్ని పురస్కరించుకుని కార్యవర్గమంతా విశ్వనాథం గారి గరాజ్‌లో రెండు స్కాచ్ సీసాలు ఖాళీ చేసింది. తర్వాత దామోదరే తాగిన నలుగురు సభ్యులనూ కార్‌లో ఎక్కించుకుని ఇళ్లకు దింపాడు.

అతని లివర్ తలుచుకుని దారిపొడవునా నలుగురూ ఏడ్చారు.