పదిహేడు గుర్తులు

పట్నంవాళ్ళు దారి చెప్పరు. ఇది తేలిపోయిన సంగతి. వడ్రంగి మేస్త్రి ఈ మాట ముప్పై ఏళ్ళ కిందట ఎవరి నోటనో విన్నాడు. అప్పట్నుంచి పట్నం ముఖం చూడకపోయినా, ఆ మాట మీద నుంచి అంగుళం జరగలేదు.

అందుకే కూతురింటికి వచ్చిన మర్నాడు పొద్దున్నే, కాలినడకన నగరం చూడటానికి బయల్దేరుతూ జేబులో జేగురు ముక్క వేసుకున్నాడు. చెక్క మీద కోత గీత గీసే ఎర్ర ముక్క అది. ప్రతి మలుపులో గోడ మీద ఒక బాణం, పక్కన ఒక నంబరు. వచ్చేటప్పుడు నంబర్లు వెనక్కి చూసుకుంటూ వస్తే ఇల్లు. ఎవడి గడ్డమూ పట్టుకోనక్కర్లేదు.

"దారి తప్పితే ఎవర్నైనా అడుగు నాన్నా!" స్నానాల గదిలోంచి కూతురు అరిచింది. "పదకొండుకి నా ఇంటర్వ్యూ. పదింటి బస్సు పట్టుకోవాలి. తొమ్మిదిన్నరకల్లా వచ్చెయ్!"

"నాకేం చెవుడు లేదు," అన్నాడు మేస్త్రి చెప్పులు వేసుకుంటూ.

ఆ గ్రంథాలయం ఉద్యోగం కోసం పిల్ల రెండేళ్ళు చదివింది. అల్లుడు డ్యూటీ మీద వేరే ఊళ్ళో ఉన్నాడు. మేస్త్రి తలుపు లాగాడు, గడియ పెట్టాడు, తాళం వేశాడు. అల్లుడి తాళం అగ్గిపెట్టెలా ఉందని ముందురోజే తీసి పారేసి, ఊర్నుంచి మోసుకొచ్చిన అరకిలో ఇనప తాళం ఆయనే తగిలించాడు. తాళంచెవి జేబులో వేసుకుని మెట్లు దిగాడు. ఫోను మంచం మీదే ఉండిపోయింది.

నగరం ఆయన అనుకున్నట్టు లేదు. తిట్టుకుందామని వచ్చిన మనిషికి తిట్టడానికి ఏదీ దొరకలేదు. మూడో మలుపులో ఒక మేడ చెక్క మెట్లు నత్తగుల్లలా చుట్టుకుంటూ పైకి పోయాయి. ఒక్క మేకు బయటికి కనపడితే ఒట్టు. పది నిమిషాలు మెడ ఎత్తి నిలబడ్డాడు. ఏడో మలుపులో బక్కపల్చని ఆడ పోలీసు చెయ్యెత్తితే ఏనుగుల్లాంటి లారీలు మేకపిల్లల్లా ఆగాయి. పదో మలుపు దాటాక వీధి పొడుగునా పుస్తకాల కొట్లే. బడి మానేశాక మేస్త్రి చదివింది గజం బద్ద మీద అంకెలే అయినా, ఆ వీధి చివరిదాకా మెల్లగా నడిచాడు.

'ఇది చూస్తే ఇక్కణ్ణుంచి కదిలేదా అది' అనుకున్నాడు. అది అంటే ఆయన భార్య. పట్నం చూపించమని ఇరవై ఏళ్ళు అడిగింది. చూద్దాంలే అన్నాడు. నాలుగేళ్ళ కిందట అడగడం మానేసింది, పోయింది గనక.

పదిహేడో మలుపులో ఉన్నది తలుపు కాదు, తపస్సు. పాతకాలపు బ్యాంకు తలుపు. రెండు నిలువుల ఎత్తు, ఎక్కడా అతుకు లేని టేకు. కొలవకుండా ఉండలేక టేపు కోసం జేబులో చెయ్యి పెట్టాడు. తాళంచెవి వచ్చింది.

తాళంచెవి. అంటే తాళం వేశాడు. అంటే లోపల అమ్మాయి.

బ్యాంకు గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. మేస్త్రి వెనక్కి తిరిగి పరుగందుకున్నాడు. పదహారో గుర్తు దొరికింది. పదిహేనో గుర్తు దగ్గర కళ్ళజోళ్ళ కొట్టాయన బకెట్టు, చీపురు పట్టుకుని గోడ కడుగుతున్నాడు.

"ఏయ్! చెరపకు! చెరిపితే ఊరుకోను!"

కళ్ళజోళ్ళాయన చేతిలో చీపురు జారిపోయింది. "ఈ గుర్తులు మీవా సార్?"

"నావే. నీవనుకున్నావా?"

రోడ్డు వెడల్పు చేసేముందు గోడలకి ఎర్ర గుర్తులు పెడతారనీ, పక్కన ఎన్ని అడుగులు కూల్చాలో రాస్తారనీ ఆ నగరంలో పసిపిల్లలకి కూడా తెలుసు. మేస్త్రికి తెలియదు.

"నా కొట్టే తొమ్మిదడుగులు సార్! పదిహేను కూలుస్తానంటే తక్కిన ఆరూ ఎక్కణ్ణుంచి తేను?"

"నీకు పదిహేనా? నాకు పధ్నాలుగు. నీకంటే నేనే నయం," అన్నాడు పక్క మలుపు టైలరు ఆయాసపడుతూ వచ్చి. వెనకే పదమూడూ, పన్నెండూ వచ్చాయి. అందరూ గోడలు కడుక్కునే వచ్చారు.

"రోడ్డు మీద కూర్చోండర్రా! ఎలా కూలుస్తాడో చూద్దాం!"

కూర్చున్నారు. కబురు పాకి పదిహేడో మలుపులోనూ కూర్చున్నారు. బస్సులు ఆగాయి. హారన్లు మొదలయ్యాయి.

"నేను ఆఫీసర్ని కాదయ్యా, వడ్రంగిని! ఇంటికి దారి కోసం గీసుకున్నాను!"

"దారి కావాలంటే అడుగుతారు గానీ, గోడలు ఖరాబు చేస్తారా ఎవరైనా?"

"పట్నంవాళ్ళు దారి చెప్పరుగా!"

"ఎవర్నడిగావు?"

ముప్పై ఏళ్ళలో ఆ ప్రశ్న మేస్త్రిని ఎవరూ అడగలేదు. తాళంచెవి పైకెత్తి చూపించాడు. "మా అమ్మాయి లోపలుంది. పదకొండుకి ఇంటర్వ్యూ. బయట తాళం వేసొచ్చాను."

జనం గొల్లుమన్నారు. పంక్చర్ల కొట్టామె ఒక్కతే నవ్వలేదు. చేతుల మసి తుడుచుకుంటూ, "ఇంట్లో మనిషుండగా తాళమెలా వేశావు పెద్దాయనా?" అంది.

"నాలుగేళ్ళుగా మా ఇంట్లో ఎవరూ ఉండటం లేదు."

నవ్వులు ఆగిపోయాయి. ఆమె చీర కొంగు బిగించింది. "పధ్నాలుగు ఎవరిదర్రా?"

"నాదే!" అని టైలరు ముందుకు ఉరికాడు.

గోడల మీంచి కడుక్కున్నారు గానీ, ఆ నంబరు గుండెల్లోంచి ఎవరికీ పోలేదు. పదమూడు పన్నెండుకి అప్పగించాడు, పన్నెండు పదకొండుకి. "ఎనిమిదెవరిది?" "నాది తల్లీ, పొద్దుట్నుంచి ఏడుస్తున్నా!" బండెక్కమంటే మలుపులు కనపడవని మేస్త్రి ఎక్కలేదు. ముందు ఆయన పరుగు, వెనక నలభై మంది జనం, వాళ్ళ వెనక పంక్చర్లామె మోటారు సైకిలు.

ఒకటో నంబరు దగ్గర ఇల్లు. గుమ్మంలో తాళాలు బాగుచేసేవాడు చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. "ఈ తాళం రావాలంటే ముందు గోడ రావాలమ్మా," అంటున్నాడు. కిటికీ చువ్వల వెనక కూతురు ఫైలు గుండెకి హత్తుకుని నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నాన్నా, పది నలభై!"

తాళం తీశాడు. పంక్చర్లామె బండి తిప్పింది. "ఎక్కు పిల్లా. సందులన్నీ నా టైర్లకి తెలుసు."

మేస్త్రి గుమ్మంలో కూర్చుని మధ్యాహ్నందాకా తాళం వంక చూశాడు.

కూతురు నవ్వుతూ వచ్చింది. "ఉద్యోగం వచ్చింది నాన్నా! ఇంటర్వ్యూకని పదింటి బస్సులో బయల్దేరిన మిగతా నలుగురూ రోడ్డు మీదే ఇరుక్కుపోయారు. పదిహేడో నంబరువాళ్ళకి అసలు సంగతి అందక ఇంకా కూర్చునే ఉన్నారట. వేళకి వెళ్ళింది నేనొక్కదాన్నే. నువ్వు తాళం వెయ్యకపోతే నేనూ ఆ బస్సులోనే ఉందును."

మేస్త్రి జేగురు ముక్క తీసి కిటికీలోంచి విసిరేశాడు.

"ఇంతకీ దారెవరు చెప్పారు నాన్నా?"

"పట్నంవాళ్ళు దారి చెప్పరు," అన్నాడు మేస్త్రి. "ఇంటిదాకా దిగబెట్టి పోతారు. ఈ సంగతి ఇంక నా దగ్గర ఎత్తకు."