పన్నెండో పొర

పెళ్లి కావలసిన ఆడపిల్లలకు నా సలహా ఒక్కటే: అబ్‌స్ట్రాక్ట్ పెయింటర్ని చేసుకోండి. ఇల్లు శుభ్రంగా ఉండదు. ఉండాల్సిన అవసరమూ ఉండదు.

మా ఆయన సిద్ధాంతం ప్రకారం రంగంటే పైకి కనిపించేది కాదు, అడుగున అణిగి ఉన్నది. నీలం నీలంలా ఉండాలంటే దాని కింద ఎరుపు, దాని కింద పసుపు, అన్నిటికన్నా కింద ఎవరికీ అక్కర్లేని బూడిదరంగు ఉండాలట. ఈ జ్ఞానం అబ్బాక నా జీవితం ఎంత తేలికైందో చెప్పలేను. ఫ్యాను రెక్కల మీద ఉన్నది దుమ్మని మీరనుకుంటారు. అది నాలుగో పొర. గిన్నె అడుగున మాడింది మాడు కాదు, డెప్త్. మా అమ్మాయి వారం రోజుల సాక్సులు ఒకదాని మీద ఒకటి పడేసి, "ఇంకా పూర్తవలేదమ్మా, ముట్టుకోకు" అంటుంది. తండ్రి పోలిక ఎక్కడికి పోతుంది?

ఇక పొదుపంటారా! ఈ ఇంట్లో దిగిన రోజు హాల్లో మేకు కొట్టి, "ఇక్కడికో బొమ్మ వేసిస్తానోయ్" అన్నారు. తొమ్మిదేళ్లయింది. మేకు మేకులాగే ఉంది, కాన్వాసూ అదే. పొర మీద పొర. మీ ఇళ్లలో క్యాలెండర్లుంటాయి, మాకా ఖర్చూ లేదు. అత్తయ్య మోకాలి ఆపరేషన్ ఎప్పుడయిందండీ అంటే, "ముదురాకుపచ్చ వేస్తున్నప్పుడు" అంటారు.

అత్తయ్యకు ఇదంతా ఎక్కదు. "ఇంకా ప్రైమరేనా వీడిది? అసలు రంగెప్పుడమ్మా?" అని నన్ను నిలదీస్తుంది. మా గోడలకు రంగులు వేయడానికి వచ్చిన పెయింటరయితే కాన్వాసును వేలితో తట్టి చూసి, మా ఆయనకేసి జాలిగా తిరిగాడు. "రెండు కోటింగుల్లో కుదరలేదంటే లోపల చెమ్మ ఉన్నట్టు సార్. ముందు అది చూపించుకోండి."

ఏడో పొర మాత్రం నన్ను పట్టేసింది. వాన వెలిశాక మేడ మెట్ల మీద పడే లేత ఎండలాంటి పసుపు. దాని అడుగునుంచి ఎక్కడో కాస్త ఎరుపు. పొయ్యి మీద పాలున్నాయన్న సంగతి మరిచి నిలబడిపోయాను. మేకు కష్టాలు తీరాయనుకుని, "అబ్బ, ఎంత బాగుందండీ" అనేశాను.

నా నోరు పడిపోను. ఆయన ముఖం మాడిపోయింది. "చూడగానే నచ్చేసిందంటే అది వట్టి అలంకారమే" అని, సాయంత్రానికల్లా దాని మీద బూడిదరంగు పూసేశారు. పైగా ఓదార్పు: "ఎక్కడికీ పోలేదోయ్, లోపలే ఉంది." లోపల ఉన్నదాన్ని మేకుకెలా తగిలించాలో ఎవరైనా చెబుతారా?

తొమ్మిదో పొర దగ్గర మళ్లీ నోరు జారాను. అదీ లోపలికే పోయింది.

పోయిన నెల పన్నెండోది వచ్చింది. నీలం. ఆ నీలంలోంచి నా పసుపు సన్నగా ఊపిరి పీలుస్తోంది. ఈసారి గుండె రాయి చేసుకున్నాను. తల పక్కకు వంచి చూసి, "ఏమిటో, నాకేం అర్థం కాలేదు. ఆ మూలయితే మరీ గజిబిజి" అన్నాను. ఆయన కళ్లు మెరిశాయి. అయిదు నిమిషాల్లో బొమ్మ గోడకెక్కింది.

కాబట్టి సోదరీమణులారా, భర్తల్ని మెచ్చుకోకండి. కళ బతకాలంటే అదొక్కటే మార్గం. నేనిప్పుడు మధ్యాహ్నాలు ఆ బొమ్మకెదురుగా కుర్చీ వేసుకు కూర్చుంటున్నాను. ఆయన చెప్పుల చప్పుడు వినబడితే పేపర్లో తల దూర్చేస్తాను.

నిన్న చప్పుడు కాకుండా వచ్చారు. పక్కన నిలబడి, తనూ కాసేపు బొమ్మకేసి చూసి, నెమ్మదిగా అడిగారు.

"నిజంగానే బాలేదా?"

పదహారేళ్ల కాపురంలో ఆయన నన్నలా అడగడం అదే మొదలు. మాట గొంతుదాకా వచ్చింది. ఆయన చేతికేసి చూశాను. వేళ్ల సందుల్లో తెల్లరంగు, ఇంకా తడిగానే ఉంది.

"ఏదో, ఉంది లెండి" అన్నాను.

ఆయన చిన్నబుచ్చుకుని లోపలికి నడిచారు. ఆ వీపుకేసి చూస్తూ, చాలా బాగుందండీ అన్నాను, పెదవులు మాత్రమే కదిపి.