మంచి నూనె

ఆదివారం మధ్యాహ్నంలోపు కారు కదలాలి. కదలకపోతే తుక్కు సామాన్ల లచ్చయ్య వచ్చి లాక్కుపోతాడు. మన్సూరాబాద్‌లో పొలాలన్నీ ప్లాట్లయి, ప్లాట్లన్నీ ఇండ్లవుతుంటే మనమొక్కరమే పాత కారున్న కొట్టానికి కాపలా కాయాలా, అక్కడ కిరాయికి రెండు గదులు వేయొచ్చు కదా అని అరుణమ్మ తీర్పు చెప్పేసింది. ఆమె భర్త మల్లేశానికి ప్రాణం ఉసూరుమంది. అది వాళ్ల నాయన ముచ్చటపడి కొన్న ల్యాండ్‌మాస్టర్. పన్నెండేండ్లుగా గడ్డిమోపుల వెనక పడి ఉన్నా, మల్లేశం రోజూ ఒకసారి అందులో కూర్చుని స్టీరింగు తడిమి వచ్చేవాడు.

మెకానిక్ యాదగిరి పొద్దున్నే దిగాడు. ఇన్నేండ్లు నిలబడ్డ బండిని ఒక్కసారిగా లేపితే ఇంజను పగులుతుందని, మెల్లగా లేపాలని చెప్పాడు. పొగగొట్టంలోంచి ఎలుకల గూడు లాగాడు. చెడిపోయిన పెట్రోలు తీసేసి కొత్తది పోశాడు. బ్రేకులు సరిచేశాడు. ఇంజన్లోని పాత నూనె దించేశాడు. బ్యాటరీ కోసం ఎల్బీ నగర్ పోతూ మల్లేశానికి ఒక్క పని అప్పగించాడు.

"కల్తీది పొయ్యకుండ్రి పటేలా. నాలుగు లీటర్లు, మంచి నూనె పొయ్యుండ్రి."

మంచి నూనె అంటే పల్లినూనె అని ఆ ఇంట్లో పసిపిల్లలకైనా తెలుసు. వంటింట్లో కొత్త డబ్బా ఉంది. నాయన కారుకు లోటెందుకని మల్లేశం ఐదు లీటర్లూ పోసేశాడు.

యాదగిరి తిరిగొచ్చి బ్యాటరీ బిగించాడు. ముందు హ్యాండిల్‌తో ఇంజన్ను నాలుగు చుట్లు తిప్పి, తర్వాత తాళం తిప్పాడు. కారు దగ్గింది, తుమ్మింది, స్టార్టయింది. మల్లేశానికి కళ్లనీళ్లు వచ్చాయి. వెనకనుంచి తెల్లటి పొగ లేచి గోడ దాటి కాలనీ అంతా కమ్ముకుంది. కమ్మటి మిరపకాయ బజ్జీల వాసన.

మల్లేశం ఇంట్లో శుభకార్యమట, ఇరుగుపొరుగును పిలవనేలేదట అని క్షణాల్లో పాకిపోయింది. గుంటూరు నుంచి వచ్చి ఎదురుగా ఇల్లు కట్టుకున్న గంగాధరరావు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మరీ వచ్చాడు.

"పిలవడం మరిచిపోయుంటారని మేమే వచ్చేశామండీ," అంటూ నొచ్చుకుంటూనే కుర్చీ లాక్కున్నాడు. అతని వెనక పక్కిండ్ల అండాలమ్మ, కిష్టమ్మ, వాళ్ల ఇంటికొచ్చిన చుట్టాలు, అంతా కలిసి నలభై మంది.

బజ్జీలు లేవంటే దాచుకున్నారంటారు. అరుణమ్మ పరువు కోసం నవ్వుతూ అందరినీ కూర్చోబెట్టి, శనగపిండి కలిపి, నూనె డబ్బా ఎత్తింది. అది గాలిలా పైకి లేచింది.

"ఏమయ్యా, నూనె ఏది?"

మల్లేశం ఇంజను వైపు చూశాడు. యాదగిరి తల పట్టుకుని, పరుగున పోయి ఇంజను ఆపేశాడు. ఆ నూనెంతా దించి, తన షెడ్డు నుంచి ఇంజనాయిలు తెచ్చి నింపాడు. ఇక నడపొచ్చన్నాడు గానీ వంటనూనె సంగతి తేలలేదు. కాలనీలో ఉన్న ఒక్క దుకాణం ఆదివారం బందు. దిల్‌సుఖ్‌నగర్ పోవాలి, బస్సు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. అరుణమ్మ కొంగు బిగించి ముందు సీట్లో కూర్చుంది.

"జర నడుపు," అంది భర్తతో.

నలభై నిమిషాల్లో నూనెతో తిరిగొచ్చారు. లచ్చయ్య తాడు పట్టుకుని వచ్చేసరికి పొయ్యి మీద రెండో వాయి వేగుతోంది. అరుణమ్మ అతనికీ ఒక పళ్లెం ఇచ్చింది.

"బండి ఇచ్చేది లేదే అన్నా. ఇంట్ల నూనె అయిపోతే దిల్‌సుఖ్‌నగర్ ఎట్ల పోవాలె?"

ఉన్న నూనె ఎందుకు అయిపోయిందో లచ్చయ్య అడగలేదు. అప్పటికి అతని నోటినిండా బజ్జీ ఉంది.